మంగళవారం

జనవరి. మధ్యాహ్నం పన్నెండు.
వరంగర్ తీరంలో వెలుతురు ఇంకా
నీలిమందు కలిపిన నీళ్ళలాగే ఉంది.
సూర్యుడు ఈ వారంలో వస్తాడంటున్నారు.
మా పుస్తకాల బస్సు చేపల ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని
పొగ కక్కుతూ నిలబడింది.

జిల్లా ఆఫీసు ఇచ్చిన డబ్బు తొమ్మిది పుస్తకాలకి.
ముందు సీటు మీద ముప్ఫై నాలుగు నమూనాలు.
"అన్ని సంస్కృతులూ, అందరి చరిత్రా, అందరి పండగలూ"
అని ఉత్తరంలో రాశారు,
కిరాణా చీటీ రాసినంత సులువుగా.

అస్లాక్ డ్రైవరు. నా సలహా సంఘం కూడా అతనే.
స్టీరింగు మీద పుస్తకం ఆనించి
బొటనవేలితో పేజీ ఎత్తుతాడు,
చేప మొప్ప ఎత్తి తాజాదేనా అని చూసినట్టు.

ఒకదానిలో రెయిన్‌డీర్ల మధ్య ఆరేళ్ళ పాప,
నీలం అంగీ, ఎర్ర అంచు, నడుముకి వెండి గుండీల పటకా.
"గుండీలు చూడు" అన్నాడు. చూశాను. చదరంగా ఉన్నాయి.
"మా వైపు పెళ్ళైతేనే చదరం. కానివాళ్ళకి గుండ్రం.
పాపం, ఈ బొమ్మ వేసినాయన
పాలపళ్ళు ఊడకముందే దీనికి పెళ్ళి చేసేశాడు."
నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నాం.
అది వద్దు.

ఇంకోటి చరిత్ర. పలచటి పుస్తకం.
హాస్టల్ బడి, మంచు, కిటికీలో దీపం,
పిల్లలంతా వరసగా, శుభ్రంగా, కొంచెం దిగులుగా.
అస్లాక్ చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఉన్నాడు.
"మెట్ల కింద గది వెయ్యలేదు" అన్నాడు.
"మా సామీ మాట నోటెంట వస్తే
అందులో వేసి గొళ్ళెం పెట్టేవాళ్ళు.
చీకట్లో కూచుని లెక్కపెట్టేవాణ్ణి, పెదవులు కదపకుండా.
ఒక్త, గుఒక్తె, గొల్బ్మా...
ఎంతదాకా వెళ్ళానో అడక్కు."
నేను అడగలేదు.
పుస్తకం కొనాలా వద్దా అని కూడా అడగలేదు.
కాసేపటికి తనే దాన్ని కొనేవాటి మీద పెట్టాడు,
"గది సంగతి నేను చెప్తాలే పిల్లలకి" అంటూ.

రెండింటికి బడి వదిలారు.
బూట్ల మంచు దులుపుకుని సెనాయిత్ ఎక్కింది.
అమ్మానాన్నలది ఎరిత్రియా, తను పుట్టింది ఇక్కడే.
వాళ్ళ నాన్న ఈ గోడ అవతలే కాడ్ చేపలు కోస్తాడు.
తన కోసం ఏరి ఉంచినది చేతిలో పెట్టాను, గర్వంగానే.
తెల్లబట్టలు, నిప్పుల మీద కాఫీ, నేల మీద పరిచిన పచ్చగడ్డి,
ప్రతి పేజీలోనూ పండగే.

మర్యాదగా చివరిదాకా చూసింది.
"బాగుంది. కానీ వీళ్ళు ఎప్పుడూ పండగే చేసుకుంటున్నారు.
వీళ్ళకి మంగళవారం రాదా?"

మంగళవారం ఏం చేస్తారు మీరు, అన్నాను.
"నిన్న మంగళవారమే కదా. నా చేతితొడుగు ఒకటి పోయింది.
అమ్మ తిట్టింది. తిగ్రిన్యాలో మొదలుపెట్టి నార్వేజియన్‌లో ఆపింది.
తర్వాత పాస్తా తిన్నాం."

ముప్ఫై నాలుగూ మళ్ళీ తిరగేశాను.
దీపాలు, డప్పులు, నెలవంకలు, గాలిపటాలు,
మడత నలగని కొత్తబట్టలు.
ఒక్క పిల్లకీ ముక్కు కారడం లేదు.
వెనక అల్మారాలో, నాలాంటి పసుపు జుట్టు పిల్లలకి మాత్రం
కావలసినన్ని మంగళవారాలు:
పంటి నొప్పి, తప్పిపోయిన పిల్లి, పక్కింటివాడి సైకిలు,
తినని చేపముక్క గురించి ఇరవై నాలుగు పేజీలు.

ఫారంలో ఎనిమిది గళ్ళు నింపాను.
తొమ్మిదో దాంట్లో మంగళవారం అని రాసి ఊరుకున్నాను.
రచయిత లేడు, ధర లేదు, కోడ్ నంబరు లేదు.
ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తారు. చెయ్యనీ.

బడి కంచె దగ్గర అస్లాక్ బస్సు ఆపి దిగాడు.
మంచులోంచి చిన్న ఎర్ర చేతితొడుగు పెకలించి తెచ్చి
హీటరు మీద పెట్టాడు.
బిగుసుకుపోయిన బొటనవేలు మెల్లగా మెత్తబడుతోంది.
ఆ పిల్లదేనా? ఏమో.
మళ్ళీ మేం ఇటొచ్చేది రెండు వారాలకి.